మూడు మీటల మీద మూడు సున్నలు: కీక్యాప్‌లు తయారుచేసేవారికి, అమ్మేవారికి బహిరంగ లేఖ

అయ్యా,

మెకానికల్ కీబోర్డులకు విడిగా కీక్యాప్‌లు, అంటే స్విచ్‌ల మీద తొడిగే అక్షరాల మీటలు, తయారుచేసే సంస్థలవారికీ, వాటిని బయటి దేశాల నుంచి తెప్పించి, తెలుగు అక్షరాలు వేయించి ఆన్‌లైన్‌లో అమ్మే వ్యాపారులకూ విజయనగరం నుంచి ఒక డీటీపీ సెంటర్ యజమాని నమస్కరించి రాసుకుంటున్న లేఖ ఇది.

మా సెంటర్ గంటస్తంభానికి కూతవేటు దూరంలో ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, కోర్టు అఫిడవిట్లు, ఇళ్ల స్థలాల అగ్రిమెంట్లు, సిరిమాను పండగకు కట్టే ఫ్లెక్సీల మీది శుభాకాంక్షలు అన్నీ అక్కడి రెండు కంప్యూటర్ల మీదే టైపవుతాయి. అన్నిటికంటే ఎక్కువగా వచ్చేవి అర్జీలు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు కాబట్టి ఆ రోజు మేము షట్టరు ఎత్తేసరికే గంట్యాడ, బొండపల్లి, గజపతినగరం వైపు నుంచి వచ్చినవాళ్లు చేతిసంచులతో మెట్ల మీద కూర్చుని ఉంటారు. పది గంటలలోపు వాళ్ల కాగితాలు వాళ్ల చేతిలో పడాలి. మీరు అమ్మిన కీక్యాప్‌ల మీది అక్షరాల నాణ్యత ఈ సోమవారపు పనిని ఎలా దెబ్బతీసిందో, అలా ఎందుకు జరిగిందని నాకు తోస్తున్నదో, ఏం చేస్తే బాగుపడుతుందో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

ముందుగా, తెలుగు అక్షరాలున్న మీటలు మాకెందుకు కావలసివచ్చాయో చెప్పాలి. నేను ఇరవై ఏళ్లకు పైగా అను ఫాంట్లలో, ఆపిల్ అనే లేఅవుట్ (మీటల మీద అక్షరాల అమరిక) మీద టైపు చేసినవాణ్ణి. ఆ లేఅవుట్‌కు వేళ్లు ఎంతగా అలవాటుపడ్డాయంటే మీట మీద ఏముందో చూసే అవసరమే రాలేదు. అయితే అను ఫాంట్లలో కొట్టిన తెలుగును ఆన్‌లైన్ దరఖాస్తులో అతికిస్తే అది అర్థంపర్థం లేని ఇంగ్లీషు గుర్తులుగా మారిపోతుంది. దరఖాస్తులు ఒక్కొక్కటే ఆన్‌లైన్‌కు వెళ్లిపోతుంటే ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లో కొట్టక తప్పలేదు, అందుకోసం ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోకా తప్పలేదు. తెలుగు, దేవనాగరి లాంటి భారతీయ లిపులకు ఒకే వరుసలో అక్షరాలు అమర్చిన లేఅవుట్ అది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ ప్రకటించిన ఐఎస్ 13194 ప్రమాణంలో దానికి చోటుంది, విండోస్‌తో పాటే వస్తుంది. ఎడమచేతి కింద అచ్చులూ గుణింతపు గుర్తులూ, కుడిచేతి కింద హల్లులూ ఉంటాయి. పద్ధతి చక్కనిదే గానీ, యాభై దాటిన వేళ్లకు కొత్త పాఠం తొందరగా ఎక్కదు.

చూడకుండా టైపు చేయగలిగినవాడికి మీట మీద అక్షరంతో పనేమిటని మీలో కొందరు అనవచ్చు. ఏ అక్షరమూ లేని ఖాళీ కీక్యాప్‌లను కూడా మీరు అమ్ముతారనీ, వాటిని ముచ్చటపడి కొనేవారున్నారనీ నాకు తెలుసు. తరచుగా వచ్చే అక్షరాలు నాకూ రెండు నెలల్లో వేళ్లకు వచ్చేశాయి. ఝ, ఙ, ఞ, ఢ, ఱ లాంటివి మాత్రం వారానికోసారి కూడా తగలవు, తగిలినప్పుడల్లా కళ్లు మీటల మీదికి దిగవలసిందే. ఇలా చూసుకోవలసిన అక్షరాలనే మీరు పై మూలలో, అన్నిటికంటే చిన్నవిగా వేస్తున్నారు. ఇక మా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకైతే మొదటి మూడు నెలలూ ఆ మీటలే ఓనమాల పలక.

నిరుడు దసరాకు ముందు, వేళ్ల కణుపులు నొప్పిపెడుతున్నాయని నేను అంటే, విశాఖపట్నంలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఒక మెకానికల్ కీబోర్డు కొని పంపించాడు. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇలాంటి కీబోర్డుల్లో స్విచ్ వేరు, దాని మీద తొడిగే టోపీలాంటి కీక్యాప్ వేరు. చాలా స్విచ్‌ల తల మీద ప్లస్ గుర్తు ఆకారంలో చిన్న కాడ ఉంటుంది. జర్మనీలోని చెర్రీ కంపెనీ 1980లలో తెచ్చిన ఎంఎక్స్ స్విచ్‌తో వ్యాపించిన కొలత అది. ఆ కొలతకు సరిపడే కీక్యాప్‌లు ఎవరు చేసినా మిగతావారి కీబోర్డుల మీద కూర్చుంటాయి. అందుకే ఇంగ్లీషు మీటలు తీసేసి తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అక్షరాలున్న సెట్టు ఒకటి తెప్పించుకున్నాను. ఎనిమిది వందల రూపాయలు. వివరాల్లో పీబీటీ ప్లాస్టిక్ అనీ, డై సబ్లిమేషన్ పద్ధతిలో అచ్చువేసినవనీ, అక్షరాలు ఎన్నటికీ చెరగవనీ రాసి ఉంది.

స్విచ్‌ల పెట్టె మీద ఒక్కొక్కటి ఐదు కోట్ల సార్లు నొక్కినా పనిచేస్తుందని వేశారు. ఒకే మీటను సెలవన్నది లేకుండా రోజుకు నాలుగు వేల సార్లు కొట్టినా అది ముప్పై నాలుగేళ్ల లెక్క. ఆ స్విచ్ మీద తొడిగిన మీ అక్షరం నాలుగు నెలలు నిలిచింది.

అన్నిటికంటే ముందు పోయింది దీర్ఘం. తర్వాత గుడి, ఆ తర్వాత పొల్లు. తెలుగు రాసే ఎవరికైనా ఈ మూడింటి మీద ఎంత పని పడుతుందో తెలుస్తుంది, కాబట్టి అవి ముందు అరగడంలో ఆశ్చర్యం లేదు. నేను చెప్పదలచుకున్నది వాటి తర్వాత జరిగినదాని గురించి. ఇన్‌స్క్రిప్ట్‌లో ఇంగ్లీషు ఎక్స్ మీట మీద సున్న ఉంటుంది. జె మీట మీద ర ఉంటుంది. ఎంటర్ పక్కనున్న అపాస్ట్రఫీ మీట మీద కింద ట, పైన ఠ ఉంటాయి. ర అంటే గుండ్రం మీద ఒక తలకట్టు, ఠ అంటే అదే గుండ్రంలో ఒక చుక్క. మా సెట్టులో ఠ చుక్క అసలు పడనే లేదు కనుక పెట్టె తెరిచిన రోజు నుంచే మాకు ర రెండు చోట్ల ఉంది, ఠ ఎక్కడా లేదు. ఫిబ్రవరి వచ్చేసరికి సన్నగా ఉన్న తలకట్లు రెండు మీటల మీదా ఎగిరిపోయాయి. ఇప్పుడు మూడు మీటల మీద మూడు సున్నలున్నాయి. అంకెల వరుసలో ఉన్న అసలు సున్నాతో కలిపితే నాలుగు. వాటిలో ఏది ఏదో నాకు తెలుసు. మా దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయికి తెలియదు.

అదే నెలలో ఒక సోమవారం బొండపల్లి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పాసుపుస్తకంలో తన పేరు తప్పుగా పడిందనీ, దాన్ని సరిచేయించమని అర్జీ పెట్టుకోవాలనీ అన్నాడు. పేరు ధర్మారావు. నేను వేరే పనిలో ఉండి ఆ అమ్మాయిని కొట్టమన్నాను. ధ ఉండేది ఇంగ్లీషు ఓ మీట మీద. ఎల్ మీట మీద ఉండేది థ. అయితే మీరు పంపిన ఎల్ మీట మీద థ కడుపులోని చుక్క పడలేదు. చుక్క లేని థ చూడడానికి ధ లాగే ఉంటుంది. ఆ అమ్మాయి కంటికి ముందుగా ఎల్ మీట కనిపించింది, షిఫ్టు పట్టుకుని అదే కొట్టింది. తెర మీద పన్నెండు పాయింట్ల అక్షరంలో ఆ చుక్క తేడా తొందరలో ఎవరి కంటా పడలేదు. మధ్యాహ్నం ఆయన తిరిగి వచ్చి, కోపం లేకుండానే, "ఏటి బాబూ, నా పేరు థర్మారావని రాసీనారట, సదివినోలు నవ్వినారు" అన్నాడు. పేరు దిద్దించుకోవడానికి పెట్టే అర్జీలోనే పేరు తప్పు. కొత్త కాగితం తీసి ఇచ్చి, తీసుకున్న డబ్బులు వెనక్కిచ్చాను. ఆయన మాత్రం బస్సు చార్జీ పెట్టుకుని మళ్లీ వచ్చే సోమవారం రావలసివచ్చింది.

ఇందులో మా తప్పు ఉంది. ప్రింటు తీశాక చదివి చూసుకోవలసిన బాధ్యత మాది, దాన్ని మీ మీదికి నెట్టడం లేదు. కానీ ద, ధ, థ అనే మూడు అక్షరాలకు మధ్య ఉన్న తేడా అంతా ఒక చిన్న గీత, ఒక చుక్క మాత్రమే. ఆ గీతనూ చుక్కనూ అచ్చువేయలేని పద్ధతిలో తెలుగు మీటలు చేస్తే, మీరు అమ్ముతున్నది తెలుగు మీటలు అనడానికి వీలుంటుందా అన్నది నా ప్రశ్న.

అక్షరాలు పోతున్నాయని తెలిశాక, అచ్చుపనిలో ఉన్నవాణ్ణి కనుక, ఇవి ఏ పద్ధతిలో అచ్చయ్యాయో చూద్దామనిపించింది. ఆఫ్‌సెట్ ప్రింట్లలో చుక్కలు చూసుకునే భూతద్దం మా దగ్గర ఒకటి ఉంది. దానితో చూస్తే అక్షరాల అంచులు పెచ్చులూడిన గోడలా ఉన్నాయి. ఎవరూ వాడని స్క్రోల్ లాక్ మీటను ఊడదీసి, దూదికి కాస్త స్పిరిట్ అద్ది రుద్దాను. మొదటిసారికే దూది నల్లబడింది, నాలుగోసారికి మీట తెల్లగా మిగిలింది. డై సబ్లిమేషన్‌లో రంగు ప్లాస్టిక్ లోపలికి ఇంకి ఉంటుంది, స్పిరిట్‌తో తుడిస్తే పోయేది కాదు. ఆ తర్వాత గ్లాసుడు నీళ్లలో ఉప్పు కరిగినంత కరిగించి, కోడిగుడ్డు మంచిదో కాదో చూసినట్టు, ఆ మీటను అందులో వేశాను. పీబీటీ బరువైనది, చిక్కటి ఉప్పునీళ్లలో కూడా మునుగుతుంది. కీక్యాప్‌లకు వాడే మరో ప్లాస్టిక్ ఏబీఎస్ తేలుతుంది. మీ మీట బుడగలు వదిలేదాకా ఆగి చూశాను, తేలింది. అంటే వివరాల్లో రాసిన రెండు మాటలూ నిజం కావు.

మీటల మీద అక్షరాలు వేసే పద్ధతులు కొత్తవేమీ కావు, వాటిలో కొన్ని మా ఊళ్లోనూ రోజూ జరుగుతున్నాయి. ప్యాడ్ ప్రింటింగ్‌లో లోహపు పలక మీద అక్షరాన్ని లోతుగా తీసి, అందులో సిరా నింపి, మెత్తని సిలికాన్ ముద్దతో ఆ సిరాను ఎత్తి మీట మీద అద్దుతారు. పెన్నుల మీద, కీచైన్ల మీద దుకాణాల పేర్లు వేసేది ఇలాగే. అక్షరం ప్లాస్టిక్ పైన పలచని పొరగా కూర్చుంటుంది, వేలి చెమటకూ రాపిడికీ అది లేచిపోతుంది. యూవీ ప్రింటింగ్‌లో సిరాను నేరుగా చల్లి, అతినీలలోహిత కాంతితో అక్కడికక్కడే గట్టిపరుస్తారు. గోరుతో తడిమితే అక్షరం ఉబ్బెత్తుగా తగులుతుంది, కొన్నాళ్లకు ఆ ఉబ్బే పెచ్చుగా లేస్తుంది. లేజర్‌తో కాల్చిన అక్షరం అంత తేలికగా చెరగదు గానీ, లేత రంగు మీటల మీద గోధుమ, బూడిద రంగుల మధ్య వెలవెలబోతూ ఉంటుంది. ట్యూబ్‌లైటు కింద నా కళ్లకు అది ఆనదు.

డై సబ్లిమేషన్ అంటే పుట్టినరోజుకు కప్పు మీద ఫొటో వేయించే పద్ధతే. రంగును బాగా వేడిచేస్తే అది ఆవిరై లోపలికి దిగుతుంది. ఆ వేడిని ఏబీఎస్ తట్టుకోలేదు, సుమారు 105 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది. పీబీటీ కరగాలంటే 220 డిగ్రీలు దాటాలి. 1985లో వచ్చిన ఐబీఎం మోడల్ ఎం కీబోర్డు మీటలు పీబీటీతో, ఈ పద్ధతిలోనే చేసినవి. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా వాటి అక్షరాలు చదవడానికి వీలుగా ఉన్నాయంటే పద్ధతిలో లోపం లేదనే కదా. ఇందులోనూ తిప్పలున్నాయి. లేత ప్లాస్టిక్ మీద ముదురు రంగు వేయగలరు గానీ ముదురు ప్లాస్టిక్ మీద లేత రంగు వేయలేరు. వేడి ఎక్కువైతే అంచులు చెమ్మగిల్లిన కాగితం మీద సిరాలా అలుక్కుంటాయి. పని తెలిసినవాళ్ల చేతిలో ఇవి తీరే తిప్పలే.

అన్నిటికంటే గట్టిది డబుల్‌షాట్. అక్షరాన్ని ఒక రంగు ప్లాస్టిక్‌తో, మీటను మరో రంగు ప్లాస్టిక్‌తో పోతపోసి కలుపుతారు, మీట అరిగినా అక్షరం ఉంటుంది. కానీ ప్రతి అక్షరానికీ వేరే అచ్చు కావాలి. పైగా తెలుగులో కడుపు మూసుకున్న అక్షరాలు లెక్కకు మించి ఉన్నాయి, ఆ కడుపులోని ముక్కను నిలబెట్టడం కష్టం. అడుగునున్న లైటు వెలుగు కనిపించే చౌకరకం డబుల్‌షాట్ మీటల్లో ఇంగ్లీషు ఓ కూడా స్టెన్సిల్ రాతలా అక్కడక్కడ తెగి కనిపించేది ఇందుకే. తెలుగు మీటలు కొనేవాళ్లు ఎంతమంది ఉంటారో నేను ఊహించగలను. అంతమంది కోసం డబుల్‌షాట్ అచ్చులు చేయించమని అడగడం న్యాయం కాదు, అడగడం లేదు కూడా. మీరు మీ వివరాల్లో రాసిన డై సబ్లిమేషన్‌నే నిజంగా చేయమంటున్నాను.

ఇక్కడ ఒక ఇంటి సంగతి చెప్పుకోనివ్వండి. మా అమ్మ పెళ్లికి పుట్టింటివారు బుడితి నుంచి తెచ్చిన ఇత్తడి బిందె ఒకటి ఇంకా మా ఇంట్లో ఉంది. దాని మెడ మీద ఆమె పేరూ, ఇంటిపేరూ, 1974 అన్న అంకెలూ చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టించారు. చింతపండు పెట్టి, బూడిద పెట్టి, కొబ్బరిపీచుతో ఇన్నేళ్లు తోమినా ఆ పేరు వేలికి తగులుతుంది, ఒత్తులతో సహా చదవవచ్చు. గిన్నెల కొట్టు ముందు చిన్న పీట వేసుకుని కూర్చుని పేర్లు కొట్టేవాళ్లు, ఉలి ఆనించే ముందు పేరును రెండుసార్లు అడిగేవారు. లోహానికీ ప్లాస్టిక్‌కూ పోలిక ఏమిటంటారేమో. పోలిక అక్షరం ఎక్కడ కూర్చుందన్నదానిలో ఉంది. పేరు కొట్టినవాళ్లు దాన్ని ఇత్తడిలోకి దించారు, మీరు ప్లాస్టిక్ మీద పూసి వదిలేశారు.

ఇక అక్షరాల రూపం గురించి. ఇది మన్నిక కంటే పెద్ద లోపమని నా అభిప్రాయం, ఎందుకంటే మన్నే పద్ధతిలో వేసినా తప్పు అక్షరం తప్పుగానే మన్నుతుంది. కంప్యూటర్లో గుణింతపు గుర్తును ఒంటరిగా కొడితే దాని పక్కన చుక్కల వలయం ఒకటి కనిపిస్తుంది. అక్కడ ఒక హల్లు రావాలని కంప్యూటరు చూపించే గుర్తు అది. మీ దగ్గర డిజైన్ చేసినవారు తెలుగు రానివారై ఉండాలి, ఆ వలయం కూడా అక్షరంలో భాగమే అనుకుని అలాగే అచ్చుకిచ్చేశారు. ఫలితంగా డజనుకు పైగా మీటల మీద వలయమే పెద్దదై, అసలు గుర్తు దాని చెవిన వెంట్రుకలా వేలాడుతోంది. అంత చిన్న సైజులో చుక్కలన్నీ కలిసిపోవడంతో ఆ వలయాలు కూడా సున్నల్లాగే ఉన్నాయి. ఏడు అంకె మీట మీద షిఫ్టుతో వచ్చే క్ష, క పొల్లు ఒకచోట ష ఒకచోట విడిపోయి, ఎడమొహం పెడమొహంగా ఉంది. తెలుగు ఒత్తులను కలపడం రాని పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఇలా అవుతుందని మా పనిలో ఉన్న ఎవరిని అడిగినా చెబుతారు. అచ్చుకు పంపే ముందు తెలుగు చదవగలిగిన ఒక్క మనిషికి చూపించి ఉంటే ఒక్క నిమిషంలో బయటపడేది. పెళ్లివారు ప్రూఫ్ చదివి సంతకం పెట్టకపోతే మా దగ్గర వంద శుభలేఖలు కూడా మిషనెక్కవు.

సైజు సంగతి కూడా చూడండి. మీట పైభాగం అడ్డంగా సుమారు 12, నిలువుగా సుమారు 14 మిల్లీమీటర్లు. ఎడమ సగం ఇంగ్లీషుకు పోతే కుడి సగంలో మామూలు అక్షరం కిందా, షిఫ్టు అక్షరం పైనా సర్దాలి. మీ మీట మీద స్కేలు పెట్టి కొలిస్తే థ ఎత్తు మూడు మిల్లీమీటర్లు లేదు.  అంత చిన్న తెలుగు అక్షరం కాగితం మీద చదవవచ్చు, రోజూ చదువుతూనే ఉన్నాం. అయితే ఆ సైజుకు తగిన అక్షరం కావాలి. సీసపు అచ్చుల కాలంలో ఒక్కో సైజుకు అక్షరాలను వేరుగా చెక్కి పోతపోసేవారు. చిన్న సైజుల్లో కడుపు కాస్త వెడల్పుగా, సన్నగీత కాస్త మందంగా, చుక్క కాస్త పెద్దదిగా ఉండేది. మీరు తెర మీద చదవడానికి చేసిన ఫాంటునో, శుభలేఖల మీది వంపుల ఫాంటునో తీసుకుని అలాగే కుదించారు. కుదించినప్పుడు ముందుగా చచ్చేది తలకట్టూ, చుక్కా, ఒత్తు గీతా. తెలుగులో అక్షరానికీ అక్షరానికీ తేడా చూపేవి సరిగ్గా అవే. ఉచితంగా వాడుకోవడానికి అనుమతి ఉన్న మండలి, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లు దొరుకుతున్నాయి. వాటిలో మీటకు సరిపడేదాన్ని ఎంచుకుని గీతలు కాస్త మందం చేసుకోవడం పెద్ద ఖర్చు పనేమీ కాదు.

ఫిర్యాదు చేయలేదా అంటారేమో. చేశాను. అచ్చులో స్వల్ప తేడాలు సహజమనీ, వాపసు గడువు ఏడు రోజులతో ముగిసిందనీ మర్యాదగానే జవాబు వచ్చింది. ఏడు రోజుల గడువుకు నాలుగు నెలలు బతికే సిరా చక్కగా సరిపోతుంది. ప్యాకెట్ మీద తయారైన దేశం, దిగుమతిదారు చిరునామా, గరిష్ఠ చిల్లర ధర వేయాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతున్నాయి. మీ ప్యాకెట్ మీద ఇవన్నీ ఉన్నాయి. ప్లాస్టిక్ ఏదో, అచ్చు పద్ధతి ఏదో మాత్రం ప్యాకెట్ మీద ఎక్కడా లేదు, అమ్మకపు పేజీలో ఉన్నది నిజం కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సరుకు గురించి తప్పు వివరం చెప్పి అమ్మడాన్ని ఏమంటుందో మీకు తెలియనిది కాదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయడం నాకూ తెలుసు. ఎనిమిది వందల రూపాయల కోసం ఆ దారి పట్టే ముందు ఒకసారి మీతో నేరుగా చెప్పి చూద్దామనుకున్నాను.

నేను కోరేవి పెద్దవేమీ కావు. ప్లాస్టిక్ ఏబీఎస్ అయితే ఏబీఎస్ అనీ, ప్యాడ్ ప్రింటింగ్ అయితే ప్యాడ్ ప్రింటింగ్ అనీ ప్యాకెట్ మీదా పేజీలోనూ రాయండి. చౌకగా ఉందని తెలిసే కొనేవాళ్లు కొంటారు, అందులో తప్పు లేదు. కంప్యూటర్లో గీసిన బొమ్మకు బదులు, అచ్చయిన మీట ఫొటో ఒకటి పక్కన స్కేలు పెట్టి చూపించండి. థ, ఠ, ఢ ఉన్న మూడు మీటలు దగ్గరగా కనిపిస్తే మాకు చాలు. చుక్కల వలయాలు తీసేయండి. గుడిని మీట పైభాగంలో, కొమ్మును కుడిపక్కన, వాటి వాటి చోట్ల పెడితే, క గుణింతం చదువుకున్న ఎవరికైనా అది ఏమిటో తెలుస్తుంది. షిఫ్టు అక్షరాన్ని మామూలు అక్షరంతో సమానమైన సైజులో వేయండి. దానికి చోటు చాలకపోతే ఇంగ్లీషు అక్షరాన్ని చిన్నది చేయండి. తెలుగు మీటలు కొనేవాడికి ఇంగ్లీషు మీటలు ఎక్కడున్నాయో ఎప్పుడో తెలిసి ఉంటుంది. రూపాయి గుర్తు కూడా నాలుగో అంకె మీద వేస్తే మంచిది, అది వచ్చింది 2010లో.

చివరిగా మరొకటి. ఏ కీబోర్డులోనైనా మీటలన్నీ ఒకే వేగంతో అరగవు. దీర్ఘం, గుడి, పొల్లు, సున్న, ర, న లాంటి పదిపన్నెండు మీటలు ముందు పోతాయి, మిగతావి ఏళ్ల తరబడి కొత్తగానే ఉంటాయి. ఆ పదిపన్నెండింటిని విడిగా ఒక చిన్న ప్యాకెట్‌గా అమ్మితే, బాగున్న తొంభై మీటలను పారేసి కొత్త సెట్టు కొనే పని తప్పుతుంది. ప్రస్తుతానికి ఆ అమ్మాయి పర్మనెంట్ మార్కర్‌తో అక్షరాలు దిద్ది, పైన రంగులేని గోళ్ల రంగు పూసి నెట్టుకొస్తోంది. ఆమె రాసిన ఠ చుక్క మీది కంటే స్పష్టంగా ఉంది, కానీ మూడు వారాలకోసారి మళ్లీ దిద్దాలి.

చెరిగిన మీటలు పదకొండింటిని చీటీలు అంటించి ఒక కవరులో దాచాను. చూడాలనుకున్నవారు అడిగితే నా ఖర్చుతోనే కొరియర్‌లో పంపిస్తాను. మిగతా మార్పులకు సమయం పడుతుందని నాకు తెలుసు. ఈలోగా జె, ఎక్స్, అపాస్ట్రఫీ మీటలు మూడింటిని సరిగా అచ్చువేసి విడిగా అమ్మగలిగితే ధర చెప్పండి, ముందే డబ్బు కట్టి తీసుకుంటాను.

ఇట్లు,
ఒక డీటీపీ సెంటర్ యజమాని,
విజయనగరం